రాజ్యం లేని చోట కావలి ఎవరిది?

విజయవాడ మొగల్రాజపురంలో మేముండే అపార్ట్‌మెంట్‌లో 24 ఫ్లాట్లు. కిందటేడు పార్కింగ్‌లోంచి రెండు బైకులు పోయాక, ఉన్న ఒక్క వాచ్‌మన్ చాలడని, ఒక ఏజెన్సీతో మాట్లాడి పగలొకరు రాత్రొకరు సెక్యూరిటీ గార్డుల్ని పెట్టుకుందామని అసోసియేషన్ మీటింగ్‌లో అనుకున్నాం. ఫ్లాటుకి నెలకి వెయ్యి. 21 మంది సరేనన్నారు, ముగ్గురు ఇవ్వమన్నారు. ఒకాయన అమెరికాలో ఉంటాడు, ఫ్లాటుకి తాళం. ఇంకొకాయనకి బండే లేదు. మూడో ఆయన మాత్రం సూటిగానే అడిగాడు: "మీరు ఎలాగూ పెడతారు కదండీ, గేటు దగ్గర నిలబడ్డవాడు నా ఒక్క ఫ్లాటుని వదిలేసి మిగతావాటికి కాపలా కాస్తాడా?" ఆ ప్రశ్నకి అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు.

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు ఈ కథంతా విని తెగ ఉత్సాహపడ్డాడు. గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు, ఈమధ్య లిబర్టేరియన్ల వీడియోలు, అంటే ప్రభుత్వం ఎంత తక్కువ ఉంటే అంత మంచిదనేవాళ్ల వీడియోలు, బాగా చూస్తున్నాడు. "మావయ్యా, వాళ్లు చెప్పేది మీరు చేసిందే! పోలీసుల్ని నమ్ముకోకుండా డబ్బులిచ్చి కాపలా కొనుక్కున్నారు. దేశం మొత్తాన్నీ ఇలాగే నడపొచ్చు కదా, మధ్యలో ప్రభుత్వం ఎందుకు?" అన్నాడు. కుర్రతనం అని కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఈ ప్రశ్న మీద చాలా పెద్ద బుర్రలు నూట డెబ్బై ఏళ్లకు పైగా కొట్టుకుంటున్నాయి. వాడికి ఆ రాత్రి మేడ మీద కూర్చుని చెప్పింది కొంత, తర్వాత చదివి తెలుసుకున్నది కొంత, రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. లిబర్టేరియన్లంతా ప్రభుత్వమే వద్దనేవాళ్లు కాదు. పోలీసు, కోర్టు, సైన్యం ఈ మూడూ ప్రభుత్వం దగ్గర ఉంచి మిగతావి జనానికి వదిలేయమనే వాళ్లు చాలామంది ఉన్నారు. మావాడు వింటున్నది అంతకంటే ఒక అడుగు ముందుకెళ్లిన వాళ్ల మాటలు. వాళ్ల వాదన ఒకే సూత్రం మీద నిలబడుతుంది: ఎదుటి మనిషి ఒంటి మీద గానీ ఆస్తి మీద గానీ ముందుగా చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వానికి కూడా లేదు. కట్టకపోతే జైలు అని బెదిరించి వసూలు చేసేదే పన్ను కాబట్టి, ఆ డబ్బుతో ఎంత మంచి పని చేసినా మొదటి అడుగే తప్పు అంటారు. అలాంటప్పుడు రక్షణ ఎవరిస్తారంటే, బియ్యం ఎవరిస్తున్నారో, బట్టలు ఎవరిస్తున్నారో వాళ్లలాంటి వాళ్లే, అంటే పోటీ పడి అమ్ముకునేవాళ్లు. ఈ మాట మొదట గట్టిగా అన్నది గుస్తావ్ ద మోలినారీ అనే బెల్జియం ఆర్థికవేత్త, 1849లో. అన్ని సరుకులకీ పోటీ మంచిదైతే భద్రత అనే ఒక్క సరుకుకి మాత్రం గుత్తాధిపత్యం ఎందుకు మంచిదవుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఆ తర్వాత అమెరికాలో ముర్రే రాత్‌బార్డ్ అనే ఆర్థికవేత్త, పేరున్న ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ కొడుకు డేవిడ్ ఫ్రీడ్‌మన్, ఇద్దరూ 1973లోనే దీన్ని పూర్తి నమూనాగా రాసి పెట్టారు.

మన భాష మాత్రం ఈ విషయంలో ఎప్పుడో ఒక పక్షం తీసేసుకుంది. అరాచకం అన్న మాటకి అసలు అర్థం రాజు లేకపోవడం, అంతే. మనం వాడేది మాత్రం దోపిడీలు, తన్నులాటలు అన్న అర్థంలో. రాజు లేకపోతే పెద్ద చేప చిన్న చేపని మింగుతుంది, దాన్నే మత్స్యన్యాయం అన్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ కథే ఉంది. మత్స్యన్యాయంతో విసిగిపోయిన జనం మనువుని రాజుగా పెట్టుకుని, పంటలో ఆరో వంతు, సరుకులో పదో వంతు అతని వాటాగా ఒప్పుకున్నారట. బదులుగా అతను ప్రజల యోగక్షేమాలు చూడాలి. మనం ఉత్తరాల్లో రాసుకునే యోగక్షేమాలే ఇవి. ఇంత వాటా ఇస్తాం, ఇంత రక్షణ ఇవ్వు అన్న బేరం అన్నమాట. మావాడికి ఇది తెగ నచ్చింది. "అంటే రాజు కూడా సెక్యూరిటీ ఏజెన్సీయే కదా మావయ్యా, మార్చుకునే వీల్లేదు, అంతే తేడా" అన్నాడు. నిజమే, తేడా అంతా అక్కడే ఉంది. ఫోను నంబరు అదే ఉంచుకుని ఎయిర్‌టెల్ నుంచి జియోకి మారినట్టు, ఇల్లు కదలకుండా పోలీసుని మార్చుకోగలిగితే ఏమవుతుంది అన్నదే ఈ సిద్ధాంతం మొత్తం.

వాళ్లు చెప్పే ఊళ్లో మీరు నెలనెలా ఒక రక్షణ సంస్థకి చందా కడతారు. దొంగతనం జరిగితే సంస్థ వాళ్లు వచ్చి దొంగని పట్టుకుని సొమ్ము రాబడతారు. కొంతమంది, ముఖ్యంగా హాన్స్ హెర్మన్ హోప్ అనే ఆర్థికవేత్త లాంటివాళ్లు, ఈ పని బీమా కంపెనీలకి అప్పగించమంటారు. మీ ఇంట్లో దొంగలు పడితే పరిహారం కట్టాల్సింది కంపెనీయే కాబట్టి, దొంగలు పడకుండా చూసుకోవాలన్న తపన దానికి ఉంటుంది. మన దగ్గర పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎఫ్ఐఆర్ రాయించుకోవడమే గగనం, రికవరీ సంగతి దేవుడెరుగు, ఎందుకంటే మీ సొమ్ము దొరక్కపోతే స్టేషన్‌కి పోయేదేమీ లేదు. ఈ ఒక్క విషయంలో వాళ్ల వాదనకి నా దగ్గర ఎదురు జవాబు లేదు. నష్టం ఎవరి జేబుకి తగులుతుందో వాళ్లే జాగ్రత్తగా ఉంటారు.

ఇది ఊహ కూడా కాదు, ఒకప్పుడు జరిగింది. 1666లో లండన్ తగలబడ్డాక అక్కడ అగ్నిప్రమాద బీమా కంపెనీలు పుట్టాయి, ఒక్కో కంపెనీ తన సొంత ఫైర్ సిబ్బందిని పెట్టుకుంది, బీమా ఉన్న ఇంటి గోడకి కంపెనీ గుర్తు ఉన్న రేకు బిగించేవాళ్లు. చాలాకాలం బాగానే నడిచింది. కానీ మంట రేకు చూసి ఆగదు. బీమా లేని ఇల్లు అంటుకుంటే పక్కనున్న బీమా ఇల్లూ పోతుంది. చివరికి 1833లో పెద్ద కంపెనీలు కలిసి ఉమ్మడి దళం పెట్టుకున్నాయి. 1861లో థేమ్స్ ఒడ్డున గోదాములు అంటుకుని విపరీతమైన నష్టం వచ్చాక, ఇక ఈ భారం మా వల్ల కాదు, మీరే తీసుకోండని ప్రభుత్వాన్ని అడిగింది ఆ కంపెనీలే. 1866లో అది ప్రభుత్వ అగ్నిమాపక దళమైంది. అమ్మేవాళ్లే వచ్చి, ఈ సరుకు విడివిడిగా అమ్మడం కుదరడం లేదని చెప్పుకున్న సందర్భం ఇది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. మీ సంస్థ వేరు, మీ మీద చెయ్యి చేసుకున్నవాడి సంస్థ వేరు అయితే? రెండూ వీధిలో కొట్టుకోవా? దీనికి ఫ్రీడ్‌మన్ చెప్పే జవాబు తెలివైనదే. కొట్లాట అంటే ఖర్చు. కత్తి పట్టుకునేవాడికి జీతం రెట్టింపు ఇవ్వాలి, ఆ ఖర్చు చందాదారుల మీద పడుతుంది, చందాదారులు చవకగా ఉన్న ఇంకో సంస్థకి పోతారు. అందుకని సంస్థలు ముందే కూర్చుని, మన ఖాతాదారుల మధ్య తగాదా వస్తే ఫలానా మధ్యవర్తి తీర్పుకి కట్టుబడదాం అని రాసుకుంటాయి. ఆ మధ్యవర్తి పక్షపాతం చూపిస్తే మర్నాటి నుంచి అతని దగ్గరికి ఎవరూ రారు. అంటే కోర్టు కూడా పేరు మీద బతికే వ్యాపారం అవుతుంది.

పేరు మీద బతకడం అంటే ఏమిటో గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా దిగుతుంటాయి, రైతు, కమీషన్ ఏజెంటు, కొనే వ్యాపారి ముగ్గురి మధ్యా లక్షల రూపాయలు మాట మీదా చీటీ మీదా నడిచిపోతుంటాయి. ప్రతి బేరానికీ కోర్టుకి పోయే తీరిక ఎవరికీ ఉండదు. మాట తప్పినవాడికి వచ్చే సీజన్‌లో సరుకు పుట్టదు, అదే అక్కడ చట్టం. కానీ అదే యార్డు చుట్టూ ఇంకో మాట కూడా వినపడుతుంది, "ఐపీ పెట్టేశాడు" అని. ఇరవై ఏళ్లు మచ్చ లేకుండా వ్యాపారం చేసిన మనిషి ఒక ఏడాది పదిమంది రైతుల డబ్బు తీసుకుని దివాలా అనేస్తే ఆ ఇరవై ఏళ్ల పేరు రైతు అప్పు తీర్చదు. రేపు కూడా ఇక్కడే వ్యాపారం చేయాలనుకున్నంత కాలమే పేరు మనిషిని పట్టి ఉంచుతుంది, ఇక చాలు అనుకున్న రోజున అతన్ని పట్టుకోవడానికి బయటి నుంచి ఒక చెయ్యి కావాలి.

బయటి చెయ్యి అంటే నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఊరి శివార్లో ఆయన కొనుక్కున్న 200 గజాల స్థలంలో ఎవరో రాత్రికి రాత్రి రేకుల షెడ్డు వేశారు. లాయరు దగ్గరికి వెళ్తే సివిల్ కేసు, పది పదిహేనేళ్లు పట్టొచ్చన్నాడు. తెలిసినవాళ్లు ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లారు. బెజవాడలో దీన్ని సెటిల్‌మెంట్ అంటారు. ఆయన ఇంటి ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, పొద్దున్నే పాతికమంది, ఎవరి చేతిలో వాళ్ల కాగితాల సంచి. నాన్న దస్తావేజు ఆయన చూసింది అర నిమిషం. మూడో రోజుకి షెడ్డు లేదు. ఫీజు, స్థలం విలువలో మూడో వంతు. ఇంటికొచ్చాక నాన్న అన్నాడు, "కోర్టుకెళ్తే పదిహేనేళ్లు తినేది, ఈయన మూడో వంతు తిన్నాడు, లెక్క సరిపోయిందిలే." లెక్క అక్కడితో ఆగి ఉంటే నేను కూడా ఆ మాటే అనేవాణ్ణి. ఆ తర్వాత ఏటా వినాయక చవితికి ఆయన మనుషులు చందాకి వచ్చేవాళ్లు. పుస్తకం చాపితే నాన్న ఎంత అని అడగకుండా, వాళ్లు చెప్పిన అంకె వేసి ఇచ్చేవాడు. ఒకసారి అమ్మ "ఎందుకండీ అంత?" అంటే, తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ షెడ్డు పీకినవాళ్లే కదే" అన్నాడు. కంచె చేను మేస్తే కాసేదెవరు అన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, దాని అర్థం నాకు తెలిసింది ఆ తలుపు చప్పుడుతోనే.

కొట్లాట ఖర్చుతో కూడుకున్నది కాబట్టి సంస్థలు కొట్టుకోవు అన్న వాదన దగ్గర కూడా నాకు మా ఊరే అడ్డొస్తుంది. 1970ల్లో, 80ల్లో బెజవాడలో రెండు వర్గాల మధ్య ఏం జరిగిందో, 1988 డిసెంబరు చివర్లో ఊరు ఎలా తగలబడిందో, కర్ఫ్యూలో జనం పాలప్యాకెట్టు కోసం ఎలా బిక్కుబిక్కుమంటూ బయటికొచ్చారో ఆ వయసువాళ్లని ఎవర్నడిగినా చెబుతారు. ఆ కక్షల్లో ఎవరూ లాభనష్టాలు లెక్కేసుకుని దిగలేదు. పరువు, పట్టు, పగ, వీటికి బ్యాలెన్స్ షీటు ఉండదు. పైగా కొట్లాట మొదలుపెట్టినవాడు ఒకడు, దాని ఖర్చు భరించేది అద్దాలు పగిలిన కొట్టువాడు. ఖర్చు మనది కానప్పుడు ఖర్చు అనే భయం ఎవర్ని ఆపుతుంది?

ఇక్కడ లిబర్టేరియన్లు తప్పకుండా తీసే ఉదాహరణ ఐస్‌లాండ్. తీసిపారేయాల్సింది కాదు, నాకు చాలా ఇష్టమైన కథ కూడా. 930లో అక్కడ ఆల్తింగ్ అనే సభ మొదలైంది. రాజు లేడు, సైన్యం లేదు, పోలీసు లేడు. చట్టం కంఠస్థం చేసిన ఒక పెద్ద ప్రతి ఏడాదీ సభలో మూడో వంతు చట్టాన్ని చదివి వినిపించేవాడు. గోది అనే నాయకులు కొన్ని పదుల మంది ఉండేవాళ్లు, రైతు తనకి నచ్చిన గోదిని ఎంచుకోవచ్చు, నచ్చకపోతే ఇంటిని కదపకుండానే ఇంకో గోది కిందికి మారొచ్చు. ఇందాక ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మారడం అన్నానే, ఇది అదే. ఇంకో గొప్ప ఏర్పాటు ఏంటంటే, హత్య జరిగితే దాని పరిహారం బాధితుడి కుటుంబానికి ఆస్తి లాంటిది. ఆ కుటుంబం బలహీనమైనదైతే ఆ హక్కుని బలమున్నవాడికి అప్పగించేయవచ్చు, అతను వెళ్లి వసూలు చేస్తాడు. దిక్కులేని వాడి కేసుకి కూడా ఒక విలువ ఉండేలా చేసిన పద్ధతి ఇది. మన కోర్టుల చుట్టూ తిరిగే పేదవాణ్ణి తలుచుకుంటే అసూయ కలుగుతుంది.

ఇది మూడు వందల ఏళ్లకు పైగా నడిచింది. మన దగ్గర కాకతీయుల సామ్రాజ్యం అంతకాలం లేదు. కానీ 13వ శతాబ్దం వచ్చేసరికి ఆ గోది పదవులు ఒక్కొక్కటీ కొన్ని పెద్ద కుటుంబాల చేతిలోకి పోయాయి. రైతుకి మారడానికి ఇంకో గోది మిగల్లేదు. ఆ కుటుంబాలు ఒకరి మీద ఒకరు దండెత్తాయి, ఇళ్లు తగలబడ్డాయి, చివరికి 1262 నుంచి 1264 మధ్య విసిగిపోయిన జనం నార్వే రాజుకి పన్ను కడతామని ఒప్పుకున్నారు. మనువు కథే మళ్లీ జరిగింది, మంచు దేశంలో.

ఇలా ఎందుకు జరుగుతుందో రాబర్ట్ నోజిక్ అనే హార్వర్డ్ తత్వవేత్త 1974లో చాలా ఓపికగా వివరించాడు. ఆయన కూడా లిబర్టేరియనే. రక్షణ అనేది సబ్బు లాంటి సరుకు కాదు, నా సబ్బు మీ సబ్బుని ఓడించదు. కానీ తగాదాలో మీ సంస్థ నా సంస్థ కంటే బలమైనదైతే నా చందా దండగ. కాబట్టి తెలివున్నవాడెవడైనా ఆ ప్రాంతంలో అన్నిటికంటే బలమైన సంస్థలోకే చేరతాడు, చేరిన కొద్దీ అది ఇంకా బలపడుతుంది, చివరికి ఒకటే మిగులుతుంది. అది చందా కట్టనివాళ్లని కూడా సొంతంగా చట్టం చేతిలోకి తీసుకోనివ్వదు, బదులుగా వాళ్లకీ ఎంతోకొంత రక్షణ ఇస్తుంది. ఎవరూ రాజ్యం స్థాపిద్దామని అనుకోకుండానే రాజ్యం తయారైపోతుంది.

నోజిక్ ఊహలో ఇది మర్యాదగా జరుగుతుంది. మన చరిత్రలో అలా జరగలేదు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఒకసారి ఆ మాటని పరీక్ష కోసం బట్టీ పట్టినట్టు కాకుండా చదవండి: వాటాదారులున్న ఒక ప్రైవేటు కంపెనీ, ఇంత సొమ్ము ఇస్తే మా సైన్యంతో మిమ్మల్ని కాపాడతాం అని ఒక ఖాతాదారుడితో కాగితం రాసుకుంది. రెండేళ్లు తిరిగేసరికి, 1800లో, ఆ సైన్యం ఖర్చు కింద నిజాం మైసూరు యుద్ధాల్లో తనకి వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు, ఇవాళ్టి రాయలసీమలో పెద్ద భాగం. అక్కడ ఉన్న రైతుని ఒక్కణ్ణి కూడా ఎవరూ అడగలేదు. సంస్థని మార్చుకునే హక్కు నిజాంకి ఒప్పందం రోజు వరకే ఉంది. కంపెనీ సైన్యం హైదరాబాదులో దిగాక లేదు. మావాడికి ఈ భాగం చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కానీ మావయ్యా, కంపెనీ వెనకాల బ్రిటిష్ ప్రభుత్వం ఉంది కదా, అది స్వచ్ఛమైన ప్రైవేటు కాదు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. వ్యాపారానికి గుత్త హక్కు ఇచ్చింది లండన్‌లోని రాజ్యమే. కాకపోతే సైన్యం సంపాదించిన ఏ సంస్థా రాజ్యం లాగా ప్రవర్తించకుండా ఎందుకు ఉంటుంది అన్నదానికి అది జవాబు కాదు.

ఇప్పటిదాకా లోపలి కాపలా సంగతి. బయటి నుంచి సైన్యం వస్తే? నాకు దీన్ని అర్థం చేయించింది మా ఊళ్లో కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంకని వరద నుంచి కాచే గోడ, రిటైనింగ్ వాల్. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది. ఆ గోడ లేకపోతే కృష్ణలంక ఇళ్లలో ఏం మిగిలేది కాదు. అదే సమయంలో ఊరికి అటు పక్క బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది, ఆ గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ గోడని చందాలతో కట్టాలనుకోండి. డబ్బు కట్టిన ఇంటి ముందు గోడ, కట్టని ఇంటి ముందు ఖాళీ, ఇలా కుదరదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడి నుంచి నీళ్లు వచ్చి డబ్బు కట్టినవాణ్ణి కూడా ముంచుతాయి. అందుకే ప్రతివాడికీ మా అపార్ట్‌మెంట్ మూడో ఆయన ఆలోచనే వస్తుంది, ఎలాగూ కడతారు కదా, నేనెందుకివ్వాలి అని. అందరూ అలాగే అనుకుంటే గోడే ఉండదు. దేశ రక్షణ సరిగ్గా అలాంటి గోడ. విజయవాడ మీద బాంబు పడకుండా ఆపితే, చందా కట్టని ఇంటి మీద కూడా పడదు.

ఈ చిక్కుని అందరికంటే నిజాయితీగా ఒప్పుకున్నది డేవిడ్ ఫ్రీడ్‌మనే. అన్నిటిలోకీ కష్టమైన సమస్య ఇదేనని తన పుస్తకంలోనే రాశాడు. వేరే దారి దొరక్కపోతే ఆ ఒక్క పని కోసం ప్రభుత్వాన్ని ఉంచుతానని, పన్ను ఎటూ కట్టక తప్పదంటే శత్రు దేశానికి కట్టడం కంటే సొంత దేశానికి కట్టడమే మేలని అన్నాడు. ప్రభుత్వమే వద్దనే మనిషి ఇలా రాయడం చూసి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

రాత్‌బార్డ్ అంత తేలిగ్గా ఒప్పుకోడు. రాజ్యం లేని దేశాన్ని జయించడం కష్టం అంటాడు ఆయన. రాజధాని లేదు, లొంగిపోయి సంతకం పెట్టే రాజు లేడు, కూర్చోగానే పన్ను వసూలు చేసి పెట్టే యంత్రాంగం లేదు, వచ్చినవాడు ప్రతి ఊరితోనూ విడివిడిగా పోరాడాలి, ప్రతి ఇంట్లోనూ ఆయుధం ఉంటుంది. ఇందులో కొంత నిజం ఉంది. నైజీరియాలో ఇగ్బో జనానికి రాజులు లేకపోవడంతో బ్రిటిష్‌వాళ్లకి ఎవరి ద్వారా పాలించాలో తెలియలేదు, చివరికి కాగితం మీద నాయకుల్ని తయారుచేసి ఊళ్ల మీద కూర్చోబెట్టారు, వాళ్ల మీద 1929లో ఆడవాళ్లు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. కష్టపడ్డారు గానీ, పాలించకుండా అయితే వెళ్లిపోలేదు. మన మన్యం కథ కూడా అంతే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు ఎత్తుకుపోయింది. అడవి తెలిసిన మనుషులు, జనం అండ, విల్లంబులు, గెరిల్లా పద్ధతి, రాత్‌బార్డ్ కోరుకునేవన్నీ ఉన్నాయి. మలబార్ పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపి, ఊళ్లకి తిండిగింజలు అందకుండా చేసి, రెండేళ్లకి, 1924 మే 7న ఆయన్ని చంపేశారు. ధైర్యానికి తక్కువేం లేదు అక్కడ. ఇటువైపు వెనక నుంచి బియ్యం బస్తా పంపేవాడు లేడు, అటువైపు ఒక సామ్రాజ్యం ఖజానా ఉంది.

అలాగని ఇదంతా రాజ్యానికి హారతి పట్టడం కోసం చెప్పడం లేదు. కంచె చేను మేయడం అన్నది ప్రభుత్వాలు చేసినంత ఇంకెవరూ చేయలేదు, ఎన్‌కౌంటర్ అన్న మాటకి వేరే అర్థం పుట్టిన నేల మనది. మావాడి ఆవేశంలో సగం నాక్కూడా ఉంది. నేను తేడా చూసేది ఒక్కచోటే. స్టేషన్‌లో కొట్టి చంపిన మనిషి తల్లి, జేబులో రూపాయి లేకపోయినా, ఏళ్లు పట్టినా, హైకోర్టులో ఒక కాగితం వేయగలదు, ఆ పోలీసుకి జీతమిచ్చే ప్రభుత్వమే అక్కడ వచ్చి జవాబు చెప్పుకోవాలి. చాలాసార్లు సరైన జవాబు రాదు, తెలుసు. కానీ చందా సంస్థ దగ్గర ఆవిడ ఖాతాదారు కూడా కాదు. ఆవిడ తరఫున దానధర్మాలు చేసేవాళ్లు ముందుకొస్తారని వాళ్లు అంటారు. రావచ్చు. రాకపోతే?

రక్షణ డబ్బుతోనే రాదని, ప్రభుత్వంతోనే రాదని కూడా మా పక్కనున్న గుంటూరు జిల్లాకి తెలుసు. 1921లో చీరాల, పేరాల ఆ జిల్లాలోనే ఉండేవి. రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు విపరీతంగా పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలేసి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో ఉన్నారు. ఒకటి రెండు రోజులు కాదు, సుమారు 11 నెలలు. ఎండా వానా చంటిపిల్లలతో. ఆయన తయారుచేసిన రామదండు అనే కార్యకర్తల దళం ఆ జనాన్ని కాచింది, ఆ ఏడాదే బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సమావేశంలో లక్షల జనాన్ని అదుపు చేసింది కూడా వాళ్లే. జీతం లేదు, చందా లేదు, కట్టనివాడికి కాపలా లేదన్న మాట లేదు. లిబర్టేరియన్ అన్న పదం వినని మనుషులు రాజ్యం లేకుండా ఒక ఊరిని నడిపి చూపించారు. సర్కారు గోపాలకృష్ణయ్యని ఏడాది పాటు జైల్లో పెట్టింది, పాకల్లో బతుకు దుర్భరమైంది, జనం మెల్లగా పాత ఇళ్లకి చేరుకున్నారు. మావాడు ఫోనులో చీరాల మ్యాపు తీసి రామనగర్ ఎక్కడుందో వెతికాడు ఆ రాత్రి.

వెళ్లేముందు వాడే మా అసోసియేషన్‌కి ఒక ఉపాయం చెప్పాడు, ఇది కూడా ఫ్రీడ్‌మన్ చర్చించిందే. ఎవరికీ మినహాయింపు లేకుండా, అందరూ ఒప్పుకుంటేనే ఒప్పందం చెల్లేలా రాసుకోవడం. "24 మందీ ఇస్తేనే గార్డులు ఉంటారు, ఒక్కరు ఇవ్వకపోయినా అందరి డబ్బూ వెనక్కిచ్చేసి గార్డుల్ని తీసేస్తాం అని నోటీసు పెట్టండి మావయ్యా. అప్పుడు ఎలాగూ పెడతారు కదా అనడానికి వీలుండదు, ప్రతి ఒక్కరూ తన వెయ్యే కీలకం అనుకుంటారు." సెక్రటరీ గారికి నచ్చి, లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు, నెలాఖరు గడువు. పది రోజుల్లో అమెరికా ఆయన ఆన్‌లైన్‌లో పంపేశాడు. బండి లేని ఆయన మెట్ల దగ్గర కనపడి సెక్రటరీ గారి చేతిలో రెండు ఐదు వందల నోట్లు పెట్టాడు. మూడో ఆయన ఇవ్వలేదు.

గడువు దాటిన రాత్రి నోటీసు ప్రకారం గేటు దగ్గర ఎవరూ ఉండకూడదు. తొమ్మిదింటికి నేను కిందికి దిగేసరికి రాత్రి గార్డు ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని రిజిస్టర్‌లో తేదీ వేస్తున్నాడు. సెక్రటరీ గారు పక్కనే నిలబడి ఉన్నారు. ఏంటండీ అంటే, "ఆడపిల్లలు డ్యూటీల నుంచి పదింటికి వస్తారు, ఒక్క ఫ్లాటు కోసం చీకట్లో వదిలేస్తామా" అన్నారు. ఆ వెయ్యి ఆయనే వేశారు. నోటీసు లిఫ్ట్ పక్కన ఇంకా ఉంది, ప్రతి నెలా ఆ వెయ్యి ఆయనే వేస్తున్నారు.